తెల్ల తలుపు మీద ఎర్ర చుక్క

షెడ్డు వెనక గది
మార్చి 9

మాత్రల మహారాణి అక్కగారికి,

ఫోన్ ఎందుకు చెయ్యలేదంటే, చేస్తే మధ్యలో పెట్టేస్తావు. పోయినసారి నేను పెట్టేశాను, ఈసారి నీ వంతు. ఉత్తరమైతే చివరిదాకా చదవాల్సిందే. చింపినా చదివాకే చింపుతావు, నీ సంగతి నాకు తెలుసు.

తుమ్ములకి నువ్విచ్చిన ఆ ముక్కు స్ప్రే నా కొంప ముంచింది.

నిన్న ఒక తెల్ల కారు తలుపు మీద పని చేస్తున్నాను. మూడు రోజులు పుట్టీ పెట్టి, రుద్ది, ప్రైమరు కొట్టి, రంగు వేసి, చివరికి క్లియరు కోటు దాకా వచ్చాను. అంటే అద్దంలా మెరిసే పై పూత. అది తడిగా ఉండగా ఈగ వాలినా పని మొదటికొస్తుంది. కింది అంచు సరిగ్గా తడిసిందా లేదా అని వంగి చూస్తున్నాను. ముక్కులోంచి వెచ్చగా ఏదో జారింది. చెయ్యి పెట్టేలోపే టప్పున తలుపు మీద పడింది. రక్తం. తెల్ల తలుపు మీద గుండీ అంత ఎర్ర చుక్క.

షెడ్డు యజమాని అరవలేదు. అరిచినా బాగుండేది. నా చేతిలోంచి స్ప్రే గన్ను తీసుకుని పక్కవాడికిచ్చాడు, నాకు గరుకు కాగితం ఇచ్చాడు. పదకొండేళ్ళుగా గన్ను పట్టినవాణ్ణి, ఇప్పుడు నిన్నగాక మొన్న చేరినవాళ్ళ మధ్య కూర్చుని పాత రంగు రుద్దుతున్నాను. మే నెలాఖరు దాకా చూస్తాడట. అప్పటికీ ముక్కు ఇలాగే ఉంటే గన్ను ఇక నా చేతికి రాదట.

ఇంతకీ ఆ డబ్బా మీద స్టెరాయిడ్ అని ఉందని సొట్టలు తీసే మా డెంటింగ్ అతను చదివి చెప్పాడు. కుస్తీవాళ్ళు కండల కోసం పొడిపించుకుంటారట. సొంత తమ్ముడి ముక్కులో అది కొట్టించడానికి నీకు చేతులెలా వచ్చాయి?

ఇట్లు,
నీ తమ్ముడు (ఇంకా ఒప్పుకుంటే)


మందుల షాపు, కౌంటరు
మార్చి 14

ఒరేయ్ తుమ్ముల దొరా,

చింపలేదు. రెండుసార్లు చదివాను.

రక్తం పడిందని చదివి గుండె జారిపోయింది. ఆ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే కింద రాయబోయేదంతా తిట్లే.

రక్తం తలుపు మీద ఎలా పడిందిరా? మాస్కు ఉంటే మాస్కులో పడాలి కదా? నేను మీ షెడ్డుకి వచ్చి అంతమందిలో గొంతు చించుకున్నది దేనికి? రంగు మేఘంలో ఉత్త ముఖంతో నిలబడ్డావనే కదా! నాన్న అదే గన్ను పట్టుకుని, అదే గాలి పీల్చి, యాభై నాలుగేళ్ళకే దగ్గి దగ్గి పోయాడనే కదా! దానికి నువ్వేమన్నావు? "ఇది నీ కౌంటరు కాదు, బయటికి పో" అన్నావు. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోనూ పోను.

ఇక స్టెరాయిడ్ అన్న పేరు చూసి బెంబేలెత్తకు. కండల కోసం వాడేవి వేరే జాతివి. ఇది ముక్కు లోపలి వాపు తగ్గించేది. సరిగ్గా వాడితే అక్కడే పని చేసి చాలామటుకు అక్కడే ఆగిపోతుంది, ఒంట్లోకి వెళ్ళేది చాలా తక్కువ. సరిగ్గా వాడితే అన్నాను, ఆ మాట ఎగరగొట్టి చదవకు. కొంతమందికి దీనివల్ల ముక్కులోంచి రక్తం వస్తుంది, అబద్ధం చెప్పను. అయితే మా కౌంటరు ముందు నిలబడి రక్తం వచ్చిందని చెప్పేవాళ్ళని స్ప్రే కొట్టి చూపించమంటే, చాలాసార్లు తప్పు చేతిలో కనిపిస్తుంది.

కాబట్టి నువ్వు ఏం చేస్తున్నావో పొల్లు పోకుండా రాయి. సీసా చేతిలోకి తీసుకున్న దగ్గర్నుంచి. కోతలు కొయ్యకు.

అక్క


షెడ్డు వెనక గది
మార్చి 20

అక్కా,

నవ్వొచ్చింది. స్ప్రే కొట్టడం నాకు నువ్వు నేర్పుతావా? ఈ షెడ్డులోంచి పోయిన ప్రతి కారూ నా చెయ్యి తగిలే పోయింది.

రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ముందు సీసా బాగా ఊపుతాను. తల పూర్తిగా వెనక్కి వాలుస్తాను, రంగు కారినట్టు మందు కిందికి కారిపోకూడదు కదా. గన్ను పట్టేవాడికి మొదటి పాఠం, కొట్టే గోడకి సూటిగా పట్టుకోవడం. పక్కకి వంచితే పూత ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పడుతుంది. ముక్కులో తగిలే గోడ మధ్యలోది. దానికే సూటిగా పట్టి కొడతాను. రెండు వైపులా కుడి చేతితోనే. తర్వాత గట్టిగా పీలుస్తాను, గొంతు చేదెక్కేదాకా. అంటే లోపలిదాకా చేరినట్టే.

పది నిమిషాలు ఆరనిచ్చి రెండో కోటు. తుమ్ములు మరీ ఎక్కువైన రోజు మూడో కోటు. తుమ్ములు లేని రోజు అసలు ముట్టుకోను, మందు దండగ ఎందుకు?

పది రోజులకి సీసా మూతి మూసుకుపోయింది. నేను ఊరుకుంటానా? గన్ను నాజిల్ శుభ్రం చేసే సన్న సూది పెట్టి పొడిచాను. ఇప్పుడు ధార బ్రహ్మాండంగా వస్తోంది, కొత్తప్పటికంటే నయం. పోయిన వారం మీ మరదలికి ముక్కు పట్టేస్తే దానికీ ఒక కోటు వేశాను.

డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటుంది. పలచగా, మెత్తగా భలే ఉంది. హెడ్‌లైటు మీద రంగు పడకుండా అంటించడానికి పనికొచ్చింది.

ఇప్పుడు చెప్పు, తప్పు చేతిలో ఉందా, మందులో ఉందా? మాస్కు సంగతి మాత్రం ఎత్తకు.

తమ్ముడు


మందుల షాపు
మార్చి 24

ఒరేయ్,

నీ ముక్కు కారు తలుపు కాదురా! అక్కడ కోట్లు వెయ్యరు!

ఉత్తరం చదువుతూ కౌంటరు వెనక "అయ్యో" అని ఎంత గట్టిగా అరిచానంటే, దగ్గు మందు కోసం వచ్చినావిడ భయపడి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ పాపం కూడా నీదే.

ఎవరైనా తప్పు చేస్తే ఒకటో రెండో చేస్తారు. నువ్వు ఒక్కటీ వదల్లేదు. అది కూడా పనిమంతుడివి కాబట్టి, శ్రద్ధగా, రోజూ ఒకేలా చేశావు. కారు మీద నీకు అన్నం పెట్టే ప్రతి పాఠమూ ముక్కులో తలకిందులు. ఇప్పుడు నోరు మూసుకుని చదువు.

మధ్య గోడంటే మెత్తటి ఎముక మీద ఉల్లిపొరలాంటి చర్మం. రోజూ దాని మీదే సూటిగా మందు పడితే ఆ పొర ఎండి, పగిలి, రక్తం కారుతుంది. పట్టించుకోకుండా అలాగే సాగిస్తే ఆ గోడకి చిల్లు కూడా పడొచ్చు. పుట్టీ పెట్టి పూడ్చడానికి అది బానెట్టు కాదు. ఆ గోడని తప్పించి కొట్టాలి, అదే మొదటి పాఠం.

ముందు మెల్లగా ముక్కు చీదు. సీసా ఊపు. కొత్త సీసా అయితే సన్నటి తుంపర వచ్చేదాకా గాలిలోకి నొక్కు, ఎవరి కళ్ళ వైపూ కాదు. తల వెనక్కి కాదు, కాస్త ముందుకి, కాలి వేళ్ళు చూసుకుంటున్నట్టు. ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి, కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి. అలా పట్టుకుంటే మూతి దానంతటదే బయటికి, ఆ వైపు చెవి వైపుకి తిరుగుతుంది. నొక్కుతూ మెల్లగా గాలి తీసుకో, ఏదో వాసన చూస్తున్నట్టు. నీలాగా ఈడ్చి పీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది. తుమ్ములొచ్చేది నీ ముక్కుకి, కడుపుకి కాదు. తర్వాత మూతి తుడిచి మూతపెట్టు.

డాక్టరు చీటీలో ఎన్ని రాస్తే అన్నే. తుమ్ములు ఎక్కువైతే ఎక్కువ కొట్టడం, తగ్గితే మానెయ్యడం లేదు. ఇది వచ్చిన తుమ్ముని అప్పటికప్పుడు పట్టుకునే మందు కాదు. రోజూ వాడితే కొన్ని రోజులకి పని మొదలుపెడుతుంది, పూర్తి గుణం కనిపించడానికి ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. నువ్వు ఒకరోజు మూడు కోట్లు కొట్టి, నాలుగు రోజులు మానేసి, పని చెయ్యలేదని దాన్ని తిడుతున్నావు.

ఇక సూది! మూతి మూసుకుపోతే ఊడదీసి గోరువెచ్చటి నీళ్ళలో కడగాలిరా. సూదితో పొడిస్తే కన్నం పెద్దదై, ఎంత మందు పడుతుందో సీసాకే తెలియదు. అది వెంటనే చెత్తలో పారెయ్. ఒకరి ముక్కులో పెట్టింది ఇంకొకరి ముక్కులో పెట్టకూడదు, ఒకరికి రాసిన మందు ఇంకొకరికి ఇవ్వకూడదు. నా మరదలి ముక్కు జోలికి వెళ్ళావంటే బస్సెక్కి వచ్చి చెవి మెలిపెడతాను. ఈ ముక్కలన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి, హెడ్‌లైటుకి అంటించిన కాగితంలో!

అలాగని రేపే మొదలుపెట్టకు. ముందు ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్ళు. లైటు వేసి లోపల చూడమను. చేసినవన్నీ దాచకుండా చెప్పు, సూదితో సహా. ఆయన సరేననేదాకా ముక్కులో చుక్క మందు పడ్డానికి వీల్లేదు.

ఇంత చదువుకున్న దానికి తోడబుట్టి ఇలా తయారయ్యావేంట్రా?

అక్క


షెడ్డు వెనక గది
ఏప్రిల్ 6

అక్కా,

వెళ్ళాను. డాక్టరు లైటు వేసి రెండు రంధ్రాల్లోకీ మార్చి మార్చి చూశాడు. మీ మరదలు నా చొక్కా పట్టుకుని నిలబడింది.

చిల్లు పడలేదట. మధ్య గోడ మీద రెండు వైపులా పుండ్లు పడి చెక్కు కట్టాయట. ఇంకొన్నాళ్ళు ఇలాగే కొట్టి ఉంటే చెప్పలేనన్నాడు. స్ప్రే ఆపమని పూత మందు ఇచ్చాడు. మూడు వారాల తర్వాత మళ్ళీ చూసి, మానితే అదే స్ప్రే సరైన పద్ధతిలో మొదలుపెడదామన్నాడు. సూది సంగతి చెబితే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఇప్పుడు అసలు మాట. ఆయన నన్ను ఒకటడిగాడు, "ఈ మందు ఇచ్చినవాళ్ళు ఎలా వాడాలో చెప్పలేదా?" అని.

లేదన్నాను. ఎవరిచ్చారని అడిగితే ఏదో షాపులో అన్నాను.

బయటికొచ్చాక ఒళ్ళు మండిపోయింది. అక్కా, ఆ రోజు నీ కౌంటరు ముందు నాకంటే ముందు కర్ర పట్టుకున్న ముసలాయన ఉన్నాడు. ఆయనకీ ఇలాంటి స్ప్రేనే. నీళ్ళు పోసిన ఖాళీ సీసా తీసి, తల వంచి, చేతులు మార్చి, ఆయన చెయ్యి పట్టుకుని మరీ చూపించావు. ఆయన మర్చిపోతే మళ్ళీ చూపించావు. నేను వెనక నిలబడి చూస్తున్నాను, కానీ మీ ఇద్దరి మాటలూ నా చెవికెక్కలేదు. నీతో మాట ఎలా కలపాలా అని నాలో నేను వల్లె వేసుకుంటున్నాను. నా వంతు వచ్చింది. చీటీ చూశావు, డబ్బా పెట్టావు, "రోజూ వాడు" అన్నావు. ముఖం ఎత్తలేదు. నా వెనక లైను పెరిగిందేమో, తొందరలో ఉన్నావేమో అని సర్దిచెప్పుకుని బస్సెక్కాను.

మా షెడ్డుకి ఎదురుగానే మందుల షాపుంది. రోడ్డు దాటితే చాలు. మూడు గంటలు బస్సులో నీ దగ్గరికి ఎందుకొచ్చాననుకున్నావు?

మాస్కు పెట్టుకుంటే లోపల తుమ్ములు ఆగవు. ఊపిరాడక తీసేస్తాను. నువ్వు వచ్చి అరిచి వెళ్ళాక వారం రోజులు నీ అరుపే చెవుల్లో తిరిగింది. ముక్కు బాగైతే మాస్కు పెట్టుకోవచ్చని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీ మాట విని వెళ్ళానే! చిన్నప్పటి నుంచి నీ చేతి మాత్ర తప్ప మింగలేదు కాబట్టి ఆ చీటీ పట్టుకుని నీ దగ్గరికొచ్చాను. నువ్వు ముసలాయనకి చూపించావు. నాకు చూపించలేదు.

ఇప్పుడు ఇన్ని పేజీల తిట్లు రాశావు. ఆ రోజు రెండు నిమిషాలు నోరు విప్పితే ఈ కాగితం ఖర్చయ్యేది కాదు.

తమ్ముడు


ఇంట్లో, కిటికీ పక్కన
ఏప్రిల్ 13

తమ్ముడూ,

మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చింపాను. మూడింటిలోనూ నాకు సాకులున్నాయి. పనిలో పడ్డానని ఒకటి, నీకు తెలుసనుకున్నానని ఒకటి, చూస్తూనే ఉన్నావు కదా అని ఒకటి.

నీ వెనక లైను లేదు. నువ్వే చివరివాడివి. నువ్వు వెళ్ళాక అరగంట దాకా షాపులోకి ఎవరూ రాలేదు.

చీటీ చేతిలోకి రాగానే నీళ్ళ సీసా కోసం చెయ్యి దానంతటదే సొరుగులోకి వెళ్ళింది. పట్టుకున్నాను కూడా. అప్పుడు నువ్వు షెడ్డులో అంతమంది ముందు "బయటికి పో" అన్నది గుర్తొచ్చింది. సీసా వదిలేసి సొరుగు మూశాను. నువ్వు నన్ను మాట అని బయటికి పంపావు, నేను నిన్ను మాట లేకుండా బయటికి పంపాను, సమానమైపోయిందనుకున్నాను. ఇంటికెళ్ళి మీ బావతో గొప్పగా చెప్పాను కూడా. ఆయన మధ్యలోనే లేచి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో నీ ఉత్తరం వచ్చాక అర్థమైంది.

నువ్వు ఎందుకొచ్చావో నాకు తెలియదురా. రోడ్డు అవతల షాపుందనీ తెలియదు. తెలియకపోతే మాత్రం? నా ముందుకి చీటీ పట్టుకుని దొంగొచ్చినా ఎలా వాడాలో చెప్పి పంపాలి. అది నా పని. పందొమ్మిదేళ్ళలో ఒక్కడికే చెప్పలేదు, ఆ ఒక్కడివి నువ్వు.

తిట్టినవన్నీ నీ కోసం రాసినవి కావు. నువ్వు ఒక్కొక్క తప్పూ రాస్తుంటే, ఒక్కొక్కటీ నేను చెప్పకుండా మింగేసిన మాటే అని తెలుస్తూనే ఉంది. నా మీద వచ్చిన కోపం నీ మీద పారబోశాను. డాక్టరు ముందు "ఏదో షాపులో" అన్నావు చూడు, నువ్వు నన్ను చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఈసారి వెళ్ళినప్పుడు మా అక్కే ఇచ్చిందని చెప్పు. చెప్పి తీరాలి.

ఆ నీళ్ళ సీసా ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మందు లేదు, బాగా కడిగాను, అయినా ముక్కులో పెట్టుకోకు. అద్దం ముందు ముక్కుకి దూరంగా పట్టుకుని చేతులు మార్చడం అలవాటు చేసుకో.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే సరేనంటావు, అది నాకు వద్దు.

అక్క


షెడ్డు, రంగు గది బయట
మే 25

అక్కా,

పుండ్లు మానాయి. స్ప్రే మళ్ళీ మొదలుపెట్టి నాలుగు వారాలైంది. రోజుకి ఒకసారి, డాక్టరు చెప్పినన్నే, చెవి వైపుకి, కాలి వేళ్ళు చూసుకుంటూ. రక్తం మళ్ళీ కనిపించలేదు. మొదటి వారం తేడా లేకపోతే నిన్ను మనసులో తిట్టుకున్నాను, పదో రోజు నుంచి మానేశాను. "మా అక్కే ఇచ్చింది" అని డాక్టరుకి చెప్పాను. ఆయన నవ్వి, "అయితే ఇంట్లో వాళ్ళకే చెప్పడం మర్చిపోతారన్నమాట" అన్నాడు. మర్చిపోలేదని చెప్పలేదు. అది మనిద్దరి మధ్య మాట.

నిన్న యజమాని పిలిచి గన్ను చేతిలో పెట్టాడు. మళ్ళీ తెల్ల కారే, తలుపే. మాస్కు పెట్టుకుని రంగు గదిలోకి వెళ్ళాను. తుమ్ము రాలేదు. అయితే కొట్టడం మొదలుపెట్టిన కాసేపటికి మాస్కు లోపల, రంగులో కలిపే తిన్నరు వాసన గుప్పుమంది.

గన్ను దించేసి బయటికొచ్చాను. వాసన లోపలికి వస్తే మాస్కు బుగ్గల మీదుండే వడపోత డబ్బాలు అయిపోయినట్టు, వెంటనే మార్చాలి. చేరిన రోజే చెప్పిన మాట. నేను మాస్కు పెట్టుకున్న రోజుల్లో కూడా అవి బాగానే ఉన్నాయనుకున్నాను, నాకు ఏ వాసనా రాలేదు కదా. ముక్కు మూసుకుపోయినవాడికి వాసన ఎలా వస్తుంది? ఎన్నాళ్ళు ఉత్త డబ్బాలతో ఆ గాలి పీల్చానో నాకే తెలియదు.

నాన్న చివరి ఏడాది ఏమనేవాడో గుర్తుందా? "ఇప్పుడొచ్చే రంగులు మంచివిరా, అసలు వాసనే రాదు" అనేవాడు. మనం నిజమే అనుకున్నాం. రంగు గది బయట కూర్చుని ఏడ్చాను, సిగ్గుపడకుండా రాస్తున్నాను.

కొత్త డబ్బాలు తగిలించుకుని తలుపు పూర్తి చేశాను. యజమాని ముఖం దగ్గరగా పెట్టి చూసి, ఇంకో కారు తాళాలు ఇచ్చాడు.

అయినా నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే అది కోత. సొరుగు దాకా చెయ్యి వెళ్ళి మూశావని తెలిశాక ఇంకాస్త పెరిగింది. నువ్వు రాయకపోతే నాకు తెలిసేది కాదు. రాశావని కూడా కోపంగానే ఉంది.

శనివారం వస్తున్నాను. చీటీ ఉంది, కొత్త సీసా కావాలి. ఎదురు షాపులో అది దొరుకుతుంది, అయినా మూడు గంటలు బస్సులో వస్తాను. లైన్లో నిలబడతాను. లైను లేకపోయినా నిలబడతాను. నీ నీళ్ళ సీసా తెస్తున్నాను. నాకు ఇప్పుడు అంతా వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా ఆ సీసా తీసుకుని, ముఖం ఎత్తి, ఆ ముసలాయనకి చూపించినట్టు నాకు మొదటి నుంచి చూపించు. ఒక్క ముక్క వదిలినా షాపు మధ్యలో నిలబడి అరుస్తాను.

అప్పుడు కావాలంటే అందరి ముందూ "బయటికి పో" అను. వెళ్ళను.

నీ తమ్ముడు